లంగరు ఎవరి పేరనుంటే వాళ్ళు

ఇది చిన్న కథ. మీ కప్పులో కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. మెర్టన్ డార్ మా ఊరు దాటి వెళ్ళలేకపోవడం, దానికి అతని భార్య ఏవిస్ ఒక ఉపాయం ఆలోచించడం, అంతే. కాకపోతే మెర్టన్ సంగతి చెప్పాలంటే అతని పడవ సంగతి చెప్పాలి. పడవ సంగతి చెప్పాలంటే అది అమ్మిన డెల్మాంట్ లుక్ సంగతి చెప్పాలి. డెల్మాంట్ దగ్గర మొదలుపెడితే కాఫీ చల్లారడం కాదు, గడ్డ కడుతుంది.

అందుకని ఆదివారం పొద్దుటితో మొదలుపెడతాను.

మా ఊరు పెటిగ్రూ కోవ్‌లో ఆదివారం పొద్దున్నే జనం చర్చి మెట్లు ఎక్కే వేళకి మెర్టన్ రేవు మెట్లు దిగేవాడు. ఒక చేతిలో తెడ్లు, ఇంకో చేతిలో డీజిలు డబ్బా, చంకలో ఏవిస్ కట్టిచ్చిన కోడిగుడ్డు శాండ్‌విచ్. బుల్లి పడవలో తెడ్డు వేసుకుంటూ తన అసలు పడవ దగ్గరికి పోయేవాడు. దాని పేరు ఆల్మైరా. అతని తల్లి పేరే. ఆవిడ కూడా మనిషిని కదలనిచ్చే రకం కాదు. పడవెక్కి అడుగున చేరిన వాన నీళ్ళు తోడేవాడు. ఇంజను వేసి, దాని దగ్గు కాసేపు శ్రద్ధగా వినేవాడు. శాండ్‌విచ్ తినేవాడు. ఇంజను ఆపేవాడు. మళ్ళీ తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి వచ్చేవాడు.

తాడు మాత్రం విప్పేవాడు కాదు.

ఆల్మైరా ఎటైనా పోగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. మేం చూశామనేవాళ్ళు ఇద్దరున్నారు గాని, వాళ్ళు తాగుతారు.

మా రేవులో లంగరంటే పడవలో వేసుకుని తిరిగే ఇనప కొక్కెం కాదు. సముద్రం అడుగున మంచమంత రాతి దిమ్మ, దానికి గొలుసు, గొలుసు కొసన నీళ్ళమీద తేలే తెల్ల బంతి. పడవ ఆ బంతికి కట్టుకోవాలి. ఆ చోటు ఊరిది. ఎవరి పేరన రాస్తే వాళ్ళు వాడుకోవాలి. అమ్మడానికి వీల్లేదు. మొగుడు పెళ్ళానికి, పెళ్ళాం మొగుడికి, లేదా కన్నపిల్లలకి తప్ప ఇవ్వడానికి వీల్లేదు. వదులుకుంటే జాబితాలో ముందున్నవాళ్ళకి పోతుంది. జాబితా ఎంత పొడుగంటే, మా ఊళ్ళో బిడ్డ పుడితే ముందు అందులో పేరు రాయించి, ఆ తరవాత బాప్తిజానికి తీసుకుపోతారు.

పడవ లేకుండా లంగరు ఉంచుకోవడానికీ వీల్లేదు. మెర్టన్‌కి తండ్రి పోతూ లంగరు ఇచ్చి పోయాడు, పడవ ఇవ్వలేదు. సరిగ్గా అప్పుడు డెల్మాంట్ లుక్ పెరట్లో ఒక పడవ ఉంది, లంగరు లేదు. ఇంజను గుర్రంలా ఉందని ఒట్టు వేసి డెల్మాంట్ ఆ పడవని మెర్టన్‌కి అమ్మాడు. గుర్రమే. ముసలి గుర్రం, దగ్గుతుంది. పడవ అమ్మగా చేతికొచ్చిన డబ్బుతో డెల్మాంట్ ఒక మంచి టోపీ కొనుక్కుని, లంగరు జాబితాలో పేరు రాయించుకున్నాడు. ఇన్నేళ్ళలో ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే పోగా, ఇప్పుడు జాబితాలో మొదటి పేరు అతనిదే.

అప్పటినించీ మెర్టన్ లంగరు పోకుండా పడవ ఉంచుకున్నాడు, పడవ ఉంది కదా అని లంగరు ఉంచుకున్నాడు. ఊరికి కట్టే రుసుము పడవ పొడుగుని బట్టి అడుగుకింత. గొలుసు అరిగిందో లేదో మునిగి చూసే మనిషికి కూలి. అతను ఎప్పుడు మునిగినా గొలుసు అరిగే ఉంటుంది. అడుగున గుల్లలు పట్టకుండా ఏటా రంగు. రంగు వేసినా పట్టే గుల్లలు గీకడానికి మళ్ళీ కూలి. బీమా. బ్యాటరీ. కదలని పడవకి డీజిలు. డార్ దంపతుల ఇంటి కప్పు కారుతుంది, ముందుగదిలో బకెట్టు శాశ్వతంగా ఉంటుంది. పడవ మాత్రం చుక్క కారదు.

"ఈ పడవకి పోసిన డబ్బంతా నోట్లుగా రోడ్డుమీద పరిచి ఉంటే, వాటిమీద నడుచుకుంటూ నెబ్రాస్కా పోయేదాన్ని" అనేది ఏవిస్. ఆమె పుట్టిల్లు నెబ్రాస్కా. మొక్కజొన్న తప్ప సముద్రం ఎరగని చోటు. మా ఊరి బడిలో వంట చెయ్యడానికి వచ్చి, మెర్టన్‌ని చేసుకుంది. పాపం, అప్పుడు గాలి పడమటినించి వీస్తోంది. అతను ఆమెకి ఎదురుగా తిరిగి ఉన్నాడు.

లంగరు ఎవరి పేరనుంటే వాళ్ళు పడవతోపాటు తిరుగుతారన్నది తెలిసిందే కదా. పోటు వెళ్ళి పాటు వచ్చేటప్పుడు పడవలు మెల్లగా మొహం తిప్పుకుంటాయి. ఊళ్ళో లంగరున్నవాళ్ళూ తిప్పుకుంటారు. మా పాస్టరు ప్రసంగం రాసుకునే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకుంటాడు, లేకపోతే స్వర్గం దాకా వచ్చేసరికి సగం చర్చి అతనికి వీపు చూపిస్తుంది. మా ఊళ్ళో మంచాలు గోడకి ఆనించి వెయ్యరు. మెర్టన్ పోస్టాఫీసులో పనిచేసిన రోజుల్లో ఈశాన్యపు గాలి వీస్తే కౌంటరుకి వీపు పెట్టి, భుజం మీదుగా స్టాంపులు అమ్మేవాడు. చిల్లర ఎప్పుడూ తప్పు ఇవ్వలేదు.

తిరగడం ఒక్కటే అయితే బాధ లేదు. ఊరి చివర స్ప్రాగ్ వాళ్ళ పెట్రోలు బంకు దగ్గరికి వచ్చేసరికి నడుం దగ్గర బిగుసుకుంటుంది. తాడు అంతే పొడుగు. అందుకే తెలివైనవాళ్ళు అక్టోబరు రాగానే పడవ ఒడ్డుకి లాగించి, ఫ్లారిడా పోయి చలికాలమంతా ఎటు పడితే అటు తిరిగి వస్తారు. చేపల వేటకి పోయేవాళ్ళు రోజూ తాడు విప్పుతారు కాబట్టి వాళ్ళకీ బాధ లేదు. మెర్టన్ లాగించేవాడు కాదు, విప్పేవాడు కాదు. ఒడ్డున పెట్టినా అడుగుకింత అద్దె అడుగుతారు. పైగా బంతి ఖాళీగా కనబడితే డెల్మాంట్ వచ్చి కట్టేసుకుంటాడని భయం.

ఏవిస్ తల్లి పోయినప్పుడు ఇద్దరూ నల్లబట్టలు వేసుకుని కారులో బయల్దేరారు. బంకు దగ్గర కారు ముందుకి పోయింది, మెర్టన్ పోలేదు. సీటు విరిగి, దాంతోసహా వెనక్కి వచ్చి పడ్డాడు. దిగి, బంకులో పంపు పట్టుకుని నిలబడ్డాడు. ఏవిస్ ఒక్కతే వెళ్ళింది. తల్లి గొయ్యి పక్కన ఒక్కతే నిలబడింది. తిరిగొచ్చాక ఆ మాట ఎత్తలేదు. ఆడవాళ్ళు ఎత్తిన మాటకి జవాబు చెప్పొచ్చు. ఎత్తని మాటకి ఏం చెబుతాం?

ఈ సెప్టెంబరులో ఏవిస్ అక్క లుసిండా పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఫోను చేసి, "ఇల్లు పెద్దది, కోళ్ళు ఎక్కువ, నేను ఒక్కదాన్ని. ఇద్దరూ వచ్చి ఇక్కడే ఉండిపోండే" అంది. ఏవిస్ ఆ సాయంత్రమే బస్సు టికెట్లు తెచ్చి, బల్లమీద ఉప్పుడబ్బా కింద పెట్టింది.

"రెండున్నాయే" అన్నాడు మెర్టన్. గాలి దక్షిణపుది కావడంతో అతను పొయ్యివైపు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"రెండు కొన్నాను, రెండున్నాయి."

"నేనెలా వస్తానే?"

"రావు. ఇన్నేళ్ళూ చూశానుగా. ఈసారి నేను వెళితే మళ్ళీ రాను మెర్టన్. సూటుకేసు కాదు, పెట్టె సర్దుతున్నాను. నువ్వు ఆ పడవన్నా వదులు, నన్నన్నా వదులు."

మెర్టన్ చాలాసేపు పొయ్యితో మాట్లాడాడు. లంగరు నాన్నది. వదిలేస్తే డెల్మాంట్‌కి పోతుంది. తనకి దగ్గుల ఇంజను అంటగట్టినవాడి చేతిలో తన చేత్తో నాన్న లంగరు పెట్టి, ఏ మొహం పెట్టుకుని నాన్న సమాధి ముందు నిలబడాలి?

"ఏ మొహం పెట్టినా అది గాలివాటునే ఉంటుందిలే" అంది ఏవిస్.

మర్నాడు కొట్లో కాఫీ దగ్గర డెల్మాంట్ రోజూలాగే ఆశగా పలకరించాడు. "ఏరా మెర్టన్, ఒంట్లో ఎలా ఉంది? మొహం పాలిపోయినట్టుంది."

"నువ్వమ్మిన ఇంజను కంటే నయంగానే ఉన్నాన్రా."

"దగ్గొస్తోందా?"

"దానికే వస్తోంది."

"చూసుకోరా. మనకి వయసు మీదపడుతోంది" అని డెల్మాంట్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఆ టోపీ అతను అలా ఆనించుకోని చావు మా ఊళ్ళో లేదు. జాబితాలో తనకంటే ముందున్న ప్రతివాడి సమాధి దగ్గరా అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు.

ఆ మాటలు మెర్టన్ ఇంటికొచ్చి చెప్పాడు. బీన్సు ఉడకబెడుతున్న ఏవిస్ గరిటె పక్కన పెట్టి, కాసేపు ఆలోచించి, అసలు ఉపాయం చెప్పింది.

"లంగరు నా పేరన రాయి. పెళ్ళానికి ఇవ్వొచ్చుగా? నీ నడుం వదులవుతుంది. ఆ పూటే నేను దాన్ని డెల్మాంట్‌కి వదిలేస్తాను. వదిలింది నేను, నువ్వు కాదు. మీ నాన్న ఎప్పుడైనా అడిగితే నామీదకి తోసెయ్యి. ఆయనకి నేనంటే ఎలాగూ పడదు."

మెర్టన్ వెతికాడు గాని అందులో తప్పు కనబడలేదు. ఇన్నేళ్ళూ పక్కనే ఉన్న తలుపు ఇదా అనుకుని ఆ రాత్రి కొంచెం ఏడిచాడని ఏవిస్ చెప్పింది. ఆ మాట ఎవరికీ చెప్పొద్దంది.

మా హార్బర్ మాస్టరు, అంటే రేవులో లంగర్ల పద్దు చూసే మనిషి, వైల్డా కార్వర్. ఆమె ఆఫీసు వారానికి రెండు పూటలే, మంగళవారం, శుక్రవారం, అది కూడా పన్నెండు దాకా. బస్సు శనివారం పొద్దున. శుక్రవారం దంపతులిద్దరూ వెళ్ళారు.

"రాసేస్తాను" అంది వైల్డా. "కాని ఆచారం తెలుసుగా ఆంటీ? లంగరు పుచ్చుకునేవాళ్ళు తమ చేత్తో తాడు విప్పి, రేవు ముఖాన గంట మోగిస్తూ తేలే బోయాని చుట్టి, వచ్చి మళ్ళీ తమ చేత్తోనే కట్టాలి. నేను ఒడ్డుమీదనించి చూడాలి. పడవలో ఇంకెవరూ ఉండకూడదు."

"ఏవిస్ పడవ ఎక్కిందే లేదు!" అన్నాడు మెర్టన్. "పోనీ నాకు మాఫీ చేసినట్టే..."

"నీకు చెయ్యలేదు అంకుల్. నువ్వు చుట్టావు. అప్పటి హార్బర్ మాస్టరు, పోయిన మా నాన్న చూశాడు. అదే నువ్వు చివరిసారి వెళ్ళడం అని కూడా చెప్పాడు."

సంగతి తెలిసి ఊరంతా రేవు మీదకి వచ్చింది. చర్చి ఆడవాళ్ళు డోనట్లు తెచ్చారు. డెల్మాంట్ టోపీ దులుపుకుని, సొంత పెన్ను జేబులో పెట్టుకుని వచ్చాడు.

ఏవిస్ బుల్లి పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్ళి ఆల్మైరా ఎక్కింది. మెర్టన్ ఒడ్డునించి అరుస్తున్నాడు, కాకపోతే పాటు నడుస్తున్న వేళ కాబట్టి అతని మొహం చేపల గోదాం వైపుంది.

"ముందు నీళ్ళు తోడు! తాళం రెండుసార్లు తిప్పు! అది దగ్గుతుంది, భయపడకు! ఏవిస్, బంతి వదలగానే డెల్మాంట్‌ని ఓ కంట కనిపెట్టు, ఖాళీ చూసి కట్టేస్తాడు!"

ఏవిస్ తాడు చేతిలో పట్టుకుని నిటారుగా నిలబడింది. ఆమె గొంతు నీళ్ళమీదనించి తేటగా వినబడింది.

"వాడు కట్టడానికి వాడి దగ్గర పడవేది? ఉన్న ఒక్కటీ నీకే అమ్మాడుగా!"

అందరం డెల్మాంట్ వంక చూశాం. నిజమే, అతనికి పడవ లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, మెర్టన్‌కీ తెలుసు. కాని ఇన్నేళ్ళలో ఎవరం ఆ తెలిసిన ముక్కనీ ఈ భయాన్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"లంగరొచ్చాక ఆ పడవే చవగ్గా తిరిగి కొందామనుకున్నాను" అన్నాడు డెల్మాంట్, డోనట్ చూసుకుంటూ.

అప్పుడు ఏవిస్ తాడు విప్పింది.

మెర్టన్ తూలి, వైల్డా భుజం పట్టుకున్నాడు. బెల్టు తెగినవాడిలా పొట్ట తడుముకున్నాడు. మెల్లగా కుడివైపు తిరిగాడు. తరవాత, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూసి, ఎడమవైపు తిరిగాడు. "చర్చికి పచ్చరంగు ఎప్పుడేశారు?" అని అడిగాడు. ఆ రంగు వేసి చాలాకాలమైందని ఎవరూ చెప్పలేదు.

ఆల్మైరా దగ్గుతూ గంట బోయా దాకా పోయింది. దాన్ని చుట్టాలి. చుట్టలేదు. దాన్ని దాటి, గొర్రెల దీవి వెనక్కి పోయి, కనబడకుండా పోయింది. దగ్గు వినబడుతూ వినబడుతూ ఆగిపోయింది.

"ఇంజను చచ్చింది" అన్నాడు మెర్టన్.

"ఆ ఇంజనుకి చావు లేదు" అన్నాడు డెల్మాంట్, అమ్మినవాడి పౌరుషంతో.

డోనట్లు అయిపోయాయి. వైల్డా గడియారం చూసుకుంది. మెర్టన్ రేవు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాడు. అంత ఆందోళనలోనూ తను అటూ ఇటూ నడవగలుగుతున్నందుకు మధ్యమధ్యలో ఆగి ఆశ్చర్యపోతున్నాడు. చాలాసేపటికి దీవి రెండో పక్కనించి పడవ వచ్చింది. దగ్గు లేదు. ఇంజను గొంతు సవరించుకుని, శుభ్రంగా పాడుతున్నట్టుంది. కదలక కదలక పేరుకున్న మసంతా ఊడి ఉంటుందని వేటకి పోయేవాళ్ళు అన్నారు.

ఏవిస్ జుట్టు పిచ్చుక గూడులా ఉంది. ముక్కు ఎర్రబడింది. కొక్కెం కర్రతో తెల్ల బంతిని మొదటి విసురుకే అందుకుని కట్టేసింది. ఒడ్డుకొచ్చి బుల్లి పడవ మెట్లకి కట్టింది. తరవాత అంది:

"దీవి వెనక రాళ్ళమీద సీళ్ళు ఎండ కాగుతున్నాయి మెర్టన్. పిల్లలతో. నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు మెర్టన్.

వైల్డా లంగరు ఏవిస్ పేరన రాసి ముద్ర వేసింది. రెండో కాగితం తీసింది. "ఇక డెల్మాంట్‌కి వదిలేస్తున్నట్టు ఇక్కడ సంతకం చెయ్యండి."

డెల్మాంట్ పెన్ను మూత తీసి అందించాడు. ఏవిస్ పెన్ను వంక చూసింది, కిటికీలోంచి నీళ్ళ వంక చూసింది.

"ఆఫీసు ఎప్పటిదాకా?"

"పన్నెండు దాకా ఆంటీ. ఇంకాసేపే."

"అయితే ఇంకా టైముందిగా" అని ఏవిస్ ఇంటికెళ్ళింది. ఆ కాసేపూ గడిచింది. వైల్డా తాళం వేసుకుంది. డెల్మాంట్ పెన్ను మూత పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున స్ప్రాగ్ బంకు ముందు బస్సు ఆగింది. పెట్టె ఒకటి, మనుషులిద్దరు. నైరుతి గాలి వీస్తోంది. ఏవిస్ బస్సుకి వీపు పెట్టి నిలబడి ఉంది.

"ఎక్కవే" అన్నాడు మెర్టన్.

"నాకు నడుం దగ్గర పట్టేసింది. నువ్వెక్కు."

"నువ్వు లేకుండా మీ అక్క దగ్గర నేనేం చేస్తాను?"

"కోళ్ళకి మేత వేస్తావు. అక్కకి టీ పెట్టిస్తావు. మంగళవారం ఆఫీసు తియ్యగానే సంతకం పడేసి నేను వెనకాలే వస్తాను."

"మంగళవారం తప్పకుండా?"

"మా అమ్మ మట్టికి నువ్వు రాలేదు మెర్టన్. అక్క దగ్గరికైనా వెళ్ళు."

ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదలు. మెర్టన్ మెట్టుమీద కాలు పెట్టాడు. ఎక్కాడు. బస్సు బంకు దాటింది, అతనూ దాటాడు. సీటు విరగలేదు. వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడట. ఏవిస్ తిరిగి చూడలేదు. పోటు మధ్యాహ్నానికి గాని మారదు.

మంగళవారం వైల్డా ఆఫీసు తీసేసరికి డెల్మాంట్ మెట్లమీద కూచుని ఉన్నాడు. తెల్ల బంతి ఖాళీగా తేలుతోంది. ఏవిస్ అప్పటికే దీవి వెనకాల ఉంది.

మెర్టన్ నెబ్రాస్కాలోనే ఉన్నాడు. కోళ్ళు అతనికి బాగా మాలిమి అయ్యాయట. ఏ గాలికైనా ఎదురుగా నిలబడగలుగుతున్నానని పోస్టుకార్డు రాశాడు. డెల్మాంట్ జాబితాలో మొదటివాడుగానే ఉన్నాడు, ఏవిస్ కనబడితే దగ్గు ఎలా ఉందని అడుగుతున్నాడు. డార్ వాళ్ళ ముందుగదిలో ఇప్పుడు రెండు బకెట్లున్నాయి. పోయిన వారం ఏవిస్ కొత్త ఇంజను తెప్పించింది.